ఒలీటా కాపలా కాసిన కొండదారి

ఒలీటా ఎస్టెప్ దారుల బోర్డులో ఉద్యోగానికి కుదిరిన వారమే ఆమె అన్న డోర్సీ లెస్టర్ ఆమె గడప తొక్కడం మానేశాడు. అంతకుముందు ప్రతి ఆదివారం చర్చి అయ్యాక అతని భోజనం వాళ్ళింట్లోనే. ఉడికించిన బీన్సు, మొక్కజొన్న రొట్టె, వేసవిలో అయితే తోటలో కోసిన టమాటాలు. ఆ ఆదివారం చర్చి మెట్లు దిగి, చెల్లెలి పక్కనుంచే నడిచి, తన ట్రక్కెక్కి వెళ్ళిపోయాడు. మా లారెల్ ఫోర్క్ లోయలో ఇళ్ళన్నీ ఒకే వాగు వెంట వరసగా ఉంటాయి. ఎవరు ఎవరింట్లో భోంచేయలేదో సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోతుంది. మాది ఒలీటా ఇంటికి రెండిళ్ళ అవతల, మాకు ఇంకాస్త ముందే తెలిసింది.

ఆమె ఆ ఉద్యోగం ఇష్టపడి చేరింది కాదు. అంతకుముందు మా బడి వంటశాలలో వంట చేసేది. పిల్లలు తక్కువయ్యారని బడి మూసేసి, ఉన్నవాళ్ళని బస్సులో కొండ అవతలి పెద్ద బడికి తోలడం మొదలుపెట్టాక ఆ పని పోయింది. భర్త హార్లెస్ గనిలో పనిచేసినవాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టి, మంచం మీంచి వరండాలోకి రావడానికి మధ్యలో ఒకసారి గోడ పట్టుకుని ఆగేవాడు. అతనికి మందులు కావాలి, ఆక్సిజన్ కావాలి. లోయ మొత్తం మీద వైద్య బీమాతో దొరికిన పని అదొక్కటే.

బోర్డు పని ఏమిటంటే, కొండల మీద తిరిగే బళ్ళు నియమం తప్పకుండా కాపలా కాయడం. మోటారు సైకిలు లాంటి హ్యాండిలు, లావుపాటి నాలుగు టైర్లు, గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు చెరోవైపు వేసుకుని కూర్చునే సీటు ఉన్న బండి. మా దగ్గర అది లేని ఇల్లు లేదు. కాగితాల మీద ఆ కొండలు బొగ్గు కంపెనీవి. కానీ గనులు మూతబడ్డాక కంపెనీవాళ్ళ ముఖం చూసినవాడు లేడు. మేం వసంతంలో అడవి ఉల్లి కోసం ఎక్కేవాళ్ళం, శీతాకాలం ముందు జింకల వేటకి ఎక్కేవాళ్ళం, పైన శిఖరం మీద ఉన్న మా మా కుటుంబాల సమాధుల దగ్గరికి ఎక్కేవాళ్ళం. ఎవరినీ అడిగింది లేదు.

అప్పుడు రాష్ట్రం ఒక చట్టం చేసింది. కంపెనీ భూములమీదుగా వందల మైళ్ళ దారులు కలిపి, మలుపు మలుపుకీ నంబరు పలకలు పాతి, బయటివాళ్ళు డబ్బిచ్చి తిరిగేలా ఏర్పాటు చేశారు. ఒహాయో నించీ కరొలైనా నించీ ట్రక్కుల వెనక బళ్ళు కట్టుకుని జనం రావడం మొదలైంది. బండి మీద ఆ ఏటి పర్మిట్ స్టిక్కరు ఉండాలి. తలకి హెల్మెట్ ఉండాలి. ఒక్కరికి చేసిన సీటు మీద ఒక్కరే కూర్చోవాలి. తాగి ఎక్కకూడదు, పొద్దుగూకాక ఉండకూడదు, పలకలు లేని చోటికి పోకూడదు. స్థానికులకి పర్మిట్ ధర తగ్గించారు. తగ్గించినందుకు మాలో చాలామందికి ఇంకా ఒళ్ళు మండింది. మా తాతని పూడ్చిన కొండ ఎక్కడానికి నేను స్టిక్కరు కొనాలా అని డోర్సీ పెట్రోలు బంకు దగ్గర అన్నప్పుడు, అక్కడున్న పదిమందీ తలూపారు. నేనూ ఊపాను.

ఒలీటా ఆకుపచ్చ చొక్కా తొడుక్కుని, నడుముకి రేడియో పెట్టుకుని, బోర్డువాళ్ళిచ్చిన బండి మీద కొండెక్కేది. అది ఇద్దరు పక్కపక్కన కూర్చునే పెద్ద బండి, పైన ఇనప చట్రం, సీట్లకి బెల్టులు. మొదటి వేసవి అంతా ఎవరికీ జరిమానా రాయలేదు, మాటతో హెచ్చరించి పంపేది. అయినా కొట్లో కనబడితే ఎవడో ఒకడు ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మా ఒలీటా, వట్టి కాళ్ళతో నడిచినా పర్మిట్ కావాలా?" అని అడిగేవాడు.

"అక్కర్లేదు. నడిచే రా. ఆ పొట్టకి కూడా మంచిది," అనేది ఆమె, పాల డబ్బా సంచిలో వేసుకుంటూ.

ఆమెకి కోపం వచ్చినట్టు కనిపించేది కాదు. వచ్చేదేమో తెలియదు.

డోర్సీ సంగతి వేరు. అతని కోపం పర్మిట్ దగ్గర మొదలైంది కాదు. దారులు తెరవడానికి కొన్నేళ్ళ ముందు అతని ఒక్కగానొక్క కొడుకు లైల్ ఆ కొండ మీదే పోయాడు. బడి చదువు పూర్తయిందని డోర్సీయే వాడికి ఎర్రరంగు బండి కొనిపెట్టాడు. లైల్ వెనక స్నేహితుణ్ణి ఎక్కించుకుని గని రోజుల్లో రైలు పెట్టెల్లోకి బొగ్గు పోసిన పాత తూము పక్క దిగుడులో వస్తుండగా బండి తిరగబడింది. స్నేహితుడికి భుజం ఎముక విరిగింది. లైల్ తల రాతికి తగిలింది. హెల్మెట్ లేదు. అప్పట్లో లోయలో ఎవరికీ లేదు. ఏడాది తిరగకుండా డోర్సీ భార్య కెంటకీలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. డోర్సీ ఆ బండిని షెడ్డులో పెట్టి వంకరపోయిన భాగాలన్నీ తనే సరిచేసి, అప్పట్నించీ దాని మీదే తిరిగేవాడు.

బోర్డు నియమాల పలక మొదటిసారి దారి మొదట్లో పాతిన రోజు, డోర్సీ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడని ఒలీటా మా ఆవిడతో చెప్పింది. హెల్మెట్, ఒక్క సీటుకి ఒక్క మనిషి. ఆ రెండూ పెద్దక్షరాల్లో ఉన్నాయి.

మే నెలాఖరు ఆదివారం మాకు సమాధులకి పూలు పెట్టే రోజు. కుటుంబాలన్నీ ప్లాస్టిక్ పూలదండలు, గడ్డి కోసే యంత్రాలు, కేకులు, వేయించిన కోడి పట్టుకుని శిఖరానికి ఎక్కుతాయి. పాత బండ్ల బాట వరదకి కొట్టుకుపోయాక, పైకి పోవాలంటే బోర్డు దారి మీదే కొంతదూరం పోక తప్పదు. రెండో ఏడు ఆ ఆదివారం ఒలీటాకి డ్యూటీ పడింది. సెలవు అడిగింది గాని, బయటి జనం ఎక్కువ వస్తారని ఇవ్వలేదు.

ఆ పొద్దున ఒహాయో నించి వచ్చిన ఒకాయన్ని ఆపింది. ఒంటి సీటు బండి మీద భార్యని వెనక కూర్చోబెట్టుకుని, ఇద్దరికీ హెల్మెట్లు లేకుండా వస్తున్నాడు. ఆ వేసవి నించి హెచ్చరికలు చాలు, జరిమానాలు రాయమని బోర్డు ఆదేశం. రాసింది. ఆయన గొణుక్కుంటూ దారి పక్కన నిలబడి, ట్రక్కు తెమ్మని ఎవరికో ఫోన్ కలవక తంటాలు పడుతున్నాడు. అదే సమయానికి కిందినించి ఎర్రబండి వచ్చింది. డోర్సీ నడుపుతున్నాడు. వెనక, అతని నడుము పట్టుకుని, ఒళ్ళో పూలదండలు పెట్టుకుని, ఎనభై దాటిన వాళ్ళమ్మ ఐసీ. బండికి స్టిక్కరు లేదు. ఇద్దరి తలలకీ ఏమీ లేదు, ముసలామె చర్చి రుమాలు తప్ప.

ఒలీటా చెయ్యెత్తి ఆపింది.

"పక్కకి తప్పుకో ఒలీటా. బండి మీద అమ్మ ఉంది," అన్నాడు డోర్సీ.

"అమ్మ ఉందనే ఆపాను."

"పర్మిట్ చూపించాలా నీకు?" అతను శిఖరం వైపు వేలు చూపించాడు. "అక్కడ పడుకున్నాడు నా పర్మిట్. పోయి చూసుకో."

ఒహాయో ఆయన చూస్తున్నాడు. ఆ మనిషి లేకపోతే వదిలేసేదానివా అని తరవాత మా ఆవిడ అడిగితే, ఒలీటా, వదిలేసేదాన్నేమో, కానీ అప్పుడు ఆ ఒహాయో వాడికి ఎందుకు రాసినట్టు అంది. అక్కడ మాత్రం పుస్తకం తీసి రాసింది. పర్మిట్ లేకపోవడం, హెల్మెట్ లేకపోవడం, ఒంటి సీటు మీద ఇద్దరు. కాగితం చింపి ఇచ్చింది. డోర్సీ దాన్ని నెమ్మదిగా చదివాడు.

"మొదటిది నా గురించి రాశావు. ఈ కింది రెండూ ఎవరి గురించి రాశావో నాకు తెలుసులే," అని బండి కిందికి తిప్పాడు. తల్లిని దించడం కూడా మరచిపోయినవాడిలా రెండు గజాలు పోయి, మళ్ళీ ఆగి, ఆమెని జాగ్రత్తగా దింపి మరీ పోయాడు.

ఒలీటా తల్లిని బోర్డు బండిలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, రుమాలు మీదే హెల్మెట్ తొడిగి శిఖరానికి తీసుకెళ్ళింది. మేమప్పటికే పైన ఉన్నాం. ఆ పెద్ద తెల్ల హెల్మెట్‌లోంచి ముసలామె చిన్న ముఖం బయటికి చూస్తుంటే ఎవరికీ నవ్వు రాలేదు. లైల్ సమాధికీ తన మొగుడి సమాధికీ పూలు పెట్టింది. గడ్డి మీద కూర్చుని కాళ్ళు చాపుకున్నాక కూతురితో అంది.

"కాగితం ఇచ్చావు, సరే. నీ ఉద్యోగం. మరి ఆదివారం వాడికి అన్నం పెట్టేదెవరే?"

"రమ్మంటే రావట్లేదమ్మా."

"ఎన్నిసార్లు రమ్మన్నావు?"

ఒలీటా ఒక్కసారి కూడా పిలవలేదని మాకందరికీ తెలుసు.

డోర్సీ జరిమానా కట్టనన్నాడు, కోర్టుకెళ్ళాడు. మా కౌంటీ మెజిస్ట్రేట్ రాస్కో డిలన్ ఒకప్పుడు ఇనప సామాన్ల కొట్టు నడిపినవాడు, చాలావాటికి తొందరగా తీర్పు చెప్పేసేవాడు. దానికి మాత్రం తొందరపడలేదు. రాసిన అధికారి సాక్ష్యం చెప్పాలి గనక ఒలీటా వెళ్ళింది. ఏం చూసిందో అంతే చెప్పింది. డోర్సీ వకీలుని పెట్టుకోలేదు, ప్రశ్నలు తనే అడిగాడు. సమాధులకి పోయే దారి ఎవరి భూమిలో ఉన్నా రక్తసంబంధీకులని ఆపకూడదని పాత చట్టం ఉందన్నాడు. ఉందని మెజిస్ట్రేట్ ఒప్పుకున్నాడు. అక్కడితో ఆపితే సరిపోయేది. డోర్సీ చెల్లెలి వైపు తిరిగాడు.

"ఒక్కటి చెప్పు. లైల్ ఆ రోజు హెల్మెట్ పెట్టుకుని ఉంటే బతికేవాడా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పనక్కర్లేదని మెజిస్ట్రేట్ అన్నాడు. ఒలీటా చెప్పింది.

"తెలీదన్నయ్యా. బతికేవాడేమో."

మెజిస్ట్రేట్ పర్మిట్ జరిమానా కొట్టేశాడు, మిగతా రెండూ ఉంచాడు. డోర్సీ అక్కడే డబ్బు కట్టి బయటికి నడిచాడు. అప్పటిదాకా చెల్లెలింటికి రాకపోవడమే. ఆ తరవాత ఆమె ఎదురుపడితే రోడ్డు అవతలి పక్కకి కూడా మారేవాడు.

ఒలీటా ఆ చలికాలం బోర్డు సమావేశానికి వెళ్ళి, సమాధులున్న కుటుంబాలని మే ఆదివారంనాడు పర్మిట్ లేకుండా వదలాలని అడిగింది. ఒకళ్ళకి వదిలితే అందరూ అడుగుతారని మొదటి ఏడు కాదన్నారు. మరుసటి ఏడు మా పాస్టరు, ఇంకొందరం కలిసి ఆమె వెంట వెళ్ళాం. ఈసారి ఒప్పుకున్నారు, కానీ హెల్మెట్ మాత్రం తప్పదన్నారు. లోయలో సగం మంది ఒలీటాని మెచ్చుకున్నారు. మిగతా సగం, హెల్మెట్ కూడా తీయించలేకపోయిందని తిట్టారు. డోర్సీ మాత్రం ఆ ఆదివారాలు కొండెక్కలేదు. వేరే రోజుల్లో, అడవిలోంచి, పలకలు లేని చోటినించి, ఒంటరిగా ఎక్కేవాడు. ఒలీటాకి ఆ టైరు జాడలు తెలుసు. వాటి వెనక ఎప్పుడూ పోలేదు.

ఐసీ మార్చి నెలలో పోయింది, నిద్రలోనే. మార్చిలో మా కొండలు బురదగా ఉంటాయి. శవపేటికని తెచ్చిన కారు చర్చి దాటి ఒక్క గజం పైకి రాదు. తన బండి వెనక తొట్టి కట్టి అమ్మని తనే తీసుకుపోతానని డోర్సీ అన్నాడు. ఆ ఏటవాలులో తొట్టి నిలవదని, పేటిక జారిపోతుందని అంత్యక్రియలు జరిపించే ఆయన ఒప్పుకోలేదు. బోర్డు దగ్గర వెనక సామాను వేసుకునే చోటున్న పొడవాటి బండి ఉంది. తన పైఅధికారిని అడిగి ఒలీటా అది తెచ్చింది. ఆ పూటకి ఆ దారిని మిగతా జనానికి మూయించింది. పేటికని తాళ్ళతో బిగించాక, పక్కసీటు అన్నకి చూపించి, హెల్మెట్ చేతికివ్వబోయింది. డోర్సీ తీసుకోలేదు. పేటిక వెనక చెక్క మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"నడుస్తాను. నువ్వు పోనీ," అన్నాడు. చాలాకాలం తరవాత చెల్లెలితో అతనన్న మొదటి మాట అది.

ఆమె బండిని మనిషి నడిచే వేగంతో పోనిచ్చింది. వెనక మేం బళ్ళ మీద బయల్దేరినవాళ్ళం కూడా, మొదటి మలుపు దగ్గర ఒక్కొక్కరం ఇంజను ఆపి దిగి నడిచాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బురద చీలమండల దాకా వచ్చింది. హార్లెస్ ఎక్కలేడు గనక, ఆక్సిజన్ సిలిండరుతో చర్చి వరండాలో కూర్చుని, బండి చప్పుడు వినబడినంతసేపూ అటే చూశాడట.

పూడ్చిపెట్టి, ప్రార్థన అయ్యేసరికి వాన పట్టుకుంది. జనం దిగిపోయారు. ఎక్కేటప్పుడే డోర్సీ మోకాలు పట్టేసింది, దిగడానికి కాలు మడవట్లేదు. మేం సాయం పడతామంటే వద్దని, లైల్ సమాధి రాయి మీదే కూర్చుండిపోయాడు. ఒలీటా బండిలో కూర్చుని, ఇంజను వేయకుండా ఎదురు చూసింది. ఆ తరవాతిది ఆమె మా ఆవిడకి చెప్పింది, చాలా రోజులయ్యాక.

చివరికి అతను కుంటుకుంటూ వచ్చి పక్కసీటులో కూర్చున్నాడు. ఆమె హెల్మెట్ ఇచ్చింది. తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె ఇంజను వేయలేదు. వాన పడుతూనే ఉంది.

"వాడు అడిగాడే," అన్నాడు డోర్సీ. "బండి కొన్నరోజు కొట్లో హెల్మెట్ చూపించి, ఇది కూడా కొందామా నాన్నా అన్నాడు. గుడ్డు పెంకు నెత్తిన బోర్లించుకున్నట్టు ఉంటావురా, అక్కర్లేదు అన్నాను. కొట్టువాడు కూడా నవ్వాడు."

ఒలీటా అన్న చెయ్యి పట్టుకుందామనుకుని, వాళ్ళింట్లో అలాంటి అలవాటు లేదు గనక మానేసిందట. కొంతసేపటికి అతను హెల్మెట్ తలకి పెట్టుకుని, పట్టీ పెట్టుకోవడం రాక తడుముకుంటుంటే, ఆమె వంగి గడ్డం కింద పట్టీ బిగించింది. తరవాత ఇంజను వేసింది.

ఆ ఆదివారం అతను భోజనానికి రాలేదు. ఆ తరవాతి ఆదివారమూ రాలేదు. ఒలీటా ఈసారి పిలిచింది, అతని ఇంటి తలుపు దగ్గర నిలబడి రెండుసార్లు పిలిచింది. ఏప్రిల్లో ఒకరోజు, వారం మధ్యలో, డోర్సీ సంచీనిండా అడవి ఉల్లి తెచ్చి హార్లెస్ వరండాలో పెట్టి, కూర్చుని, బోర్డుని తిట్టడం మొదలుపెట్టాడు. హార్లెస్ ఊపిరి చాలినంతవరకు తనూ తిట్టాడు. ఒలీటా లోపల బంగాళాదుంపలతో ఆ ఉల్లి వేయిస్తూ వింది. ముగ్గురూ కలిసి తిన్నారు.

హార్లెస్ ఆ మరుసటి శీతాకాలం దాటలేదు. ఒలీటాకి బీమా అవసరం తీరిపోయింది గాని ఉద్యోగం మానలేదు. మానేసి ఏం చేస్తాను అంది. నడుము నొప్పి మొదలయ్యాక కొండ పని వదిలి, ఇప్పుడు దారి మొదట్లో ఉన్న చిన్న ఆఫీసు కిటికీ వెనక కూర్చుని పర్మిట్లు అమ్ముతుంది. డోర్సీ పర్మిట్ ఏ కిటికీలో కొన్నాడో తెలియదు, చెల్లెలి దగ్గర మాత్రం కొనలేదు. పక్క కౌంటీదాకా పోయి కొనుక్కొచ్చాడని అంటారు. దారి మీద హెల్మెట్ పెట్టుకుంటాడు. వాగు పక్క మా రోడ్డు మీదికి రాగానే తీసేస్తాడు.

ఈ వసంతంలో వానలు ఎక్కువై లైల్ పడిన పాత తూము దగ్గర దారి మూడుచోట్ల కోసుకుపోయింది. బోర్డు దాన్ని మూసి, బాగుచేసే పని డోర్సీకి అప్పగించింది, మట్టి తవ్వే యంత్రం మా దగ్గర అతనికే ఉంది. రోజూ పొద్దున్నే కంకర తోలుతున్నాడు. మధ్యాహ్నం ఆఫీసు పక్కన ట్రక్కు నీడలో కూర్చుని, ఒలీటా తెచ్చిన భోజనం డబ్బా తెరుస్తాడు. జూన్‌కల్లా దారి తెరవచ్చని అతనంటున్నాడు. ఒలీటా మాత్రం, అన్నని తొందరపెట్టొద్దని, వచ్చినవాళ్ళకి జులై అని చెబుతోంది.